నేతిముడి ఇంటివాళ్లం

దూదిని స్పిరిట్‌లో తడిపి నా దండచెయ్యి మీద రుద్దింది ఆ నర్సు పిల్ల. ఏటా చలి మొదలయ్యే ముందు నంద్యాలకు పోయి ఒక సూది వేయించుకోవడం ఈమధ్య నాకు అలవాటు చేశారు మా వాళ్లు. ముసలి ఊపిరితిత్తులకు మంచిదట. సూది దిగింది కూడా నాకు తెలియలేదు. ఆ వాసన మాత్రం ముక్కులో దూరి నన్ను యాభై ఏళ్లు వెనక్కు లాక్కుపోయింది. నా కళ్లలో నీళ్లు చూసి, "నొప్పి పుట్టిందా తాతా?" అని అడిగిందా పిల్ల. "లేదమ్మా, ఒకామె మతికొచ్చింది" అన్నాను. "ఎవరు, అవ్వనా?" అని నవ్వింది. అవ్వ కాదు. అవ్వ ఇంట్లోనే ఉంది, పొద్దున్నే నాతో కొట్లాడి మరీ పంపింది. మతికొచ్చింది మార్తమ్మ. ఆమె చేతులకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. ఇరవై ఆరేళ్ల వయసులో ఆమె నా చేతికిచ్చిన పెన్సిలు ముక్కకు కూడా ఇదే వాసన.

ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి చెప్తాను. పొట్టి మనిషి. తెల్లచీర, నల్లగొడుగు, బుగ్గలో ఎప్పుడూ ఒక వక్కపలుకు. గొంతు మాత్రం సంతలో ఎడ్లను బేరమాడే మనిషి గొంతు. నంద్యాల ఆసుపత్రిలో నర్సు. సోమవారం, గురువారం బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చి, రెండు గదుల మందుల ఇంట్లో కూర్చుని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కట్లు కట్టేది, మాత్రలిచ్చేది, అడిగినా అడగకున్నా తిట్టేది. అందరూ "నర్సమ్మ" అనేవారు. మా అమ్మ చాలా రోజులు ఆమె పేరే నరసమ్మ అనుకుంది. "ఓబులం నరసింహసామి పేరే పెట్టుకుందే, కిరస్తానమామె అంటారేందిరా!" అని నన్నడిగింది. అసలు సంగతి చెప్తే నమ్మలేదు. చివరిదాకా ఆమె మా అమ్మకు నరసమ్మే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో మా ఊరు. తాతల కాలం నుంచి సేద్యగాళ్లం. మాకు ఇంటిపేరు వేరే ఉన్నా పది ఊళ్లలో మమ్మల్ని "నేతిముడి ఇంటోళ్లు" అనేవారు. కాలి మడమ పైన, వెనక పక్క, తాడులాంటి లావు నరం ఉంటుంది కదా, మా వంశంలో కొందరికి ఆ నరం మీద గట్టి గడ్డ లేస్తుంది. రేగ్గింజంత మొదలై నిమ్మకాయంత అవుతుంది. నొప్పి ఉండదు. వేళ్ల కణుపుల మీదా వస్తుంది. కొందరికి కంటి మూలల్లో పసుపు అద్దినట్టు మచ్చలుంటాయి. తరతరాలుగా తిన్న నెయ్యి ఒంట్లో పట్టక మడమలో ముడి పడిందని పెద్దలు చెప్పేవారు. బర్రెలు లేనివాడికి నేతిముడి ఎక్కడిది? అందుకే అది మాకు గొప్ప. సంబంధాలకు వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చేటప్పుడు మా ఆడవాళ్లు ఓరగా మడమ చూసేవారు. ముడి ఉన్న పిల్లను ముడి ఉన్న పిల్లోడికి చేసుకుంటే రెండింతల లక్ష్మి అనేవారు. చాలావరకు మాలో మాకే, మేనరికాలే.

మా ఇంటి మగవాళ్లలో చాలామంది నలభై ఐదు దాటి బతకరని కూడా ఊరందరికీ తెలుసు. ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూలేవారు. మా నాయన పోయినప్పుడు నాకు ఏడేళ్లు, ఆయన మడక దున్నుతూ చాల్లోనే పడిపోయాడు. ఇన్నేళ్లలో ఎవరూ ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించలేదు. అంత గొప్ప ముడి అందరి కళ్లలో పడుతుంది, దిష్టి తగిలింది అనుకున్నారు. అందుకని ముడి మీద నల్లదారం కట్టేవారు. ఒంటికి బలం చాలలేదని అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోసేవారు.

నాకు ముడి లేదు. ఇంట్లో నేను కొంచెం తక్కువవాణ్ణే. మా తమ్ముడు సుబ్బరాయుడికి రెండు మడమలకూ నిమ్మకాయలున్నాయి, వాడు బడికి పోయాడు. ముడి లేనివాడినని కాదుగాని, నాయన పోయాక మడక పట్టేవాడు కావాలి, నేను పట్టాను. అక్షరం ముక్క రాలేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, మా అక్క నాగమ్మ కొడుకు గురప్పకు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. అక్కను మా మేనత్త కొడుక్కే ఇచ్చాం, రుద్రవరం పక్క పల్లె. బావకూ ముడి ఉంది, అక్కకూ ఉంది. బావ అప్పటికే పోయాడు. గురప్పకు ఎనిమిదేళ్లు. వాడికి మడమల మీదే కాదు, మోకాళ్ల మీద, మోచేతుల మీద, పిరుదుల మీద కూడా పసుపుపచ్చని గడ్డలు గుత్తులుగా లేచి ఉండేవి. మూడేళ్లప్పుడే మొదలయ్యాయి. రెండిళ్ల నేతిముడి కలిసిందని జనం వచ్చి చూసిపోయేవారు. వాణ్ణి బండిలో వేసుకుని మందుల ఇంటికి తెచ్చాను. మార్తమ్మ చీము తీసి కట్టు కట్టింది. ఆ తర్వాత వాడి చొక్కా తీసి, చేతులు తిప్పి, మోకాళ్లు తడిమి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమె స్వభావం కాదని అప్పుడు నాకు తెలియదు.

"ఈ పిల్లోని నాయన యాడ?"

"లేడు. పోయినాడు."

"ఎట్ల?"

"గుండెల్లో నొప్పని పండుకున్యాడు. మళ్లా లేయలా."

"వయసెంత అప్పుడు?"

"యాభై లోపలే."

"లోపలంటే? నలభై తొమ్మిదా, ఇరవయ్యా?"

"నాకేం ఎరుక నర్సమ్మా. మేమేమన్నా రాసిపెట్టుకుంటామా?"

"రాసిపెట్టుకోవాల. మీ ఇంట్లో ఎవరెవరు సచ్చినారు, ఎన్నేండ్లకు సచ్చినారు, ఎవరి కాలికి ఈ గడ్డ ఉండె, ఎవరికి లేకుండె, అంతా రాసుకొని రా."

నాకు రాయడం రాదన్నాను. నీ వయసెంత అంది. ఇరవై ఆరో ఏడో అన్నాను. "అది గూడా తెల్దా! అయితే నీతోనే మొదలుపెడదాం. గురువారం రా" అంది. మా తమ్ముడికి రాయడం వచ్చు, వాడితో రాయిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మీ తమ్ముడు రాస్తే కాయితం మీద ఉంటుంది. నువ్వు రాస్తే నీ తలకాయలో ఉంటుంది. నాకు కావాల్సింది నీ తలకాయ." ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అయినా గురువారం పోయాను.

లోకంలో అందరూ అ ఆలతో మొదలుపెడతారు. నేను మా తాత కొండప్పతో మొదలుపెట్టాను. మందుల చీటీ వెనక పక్క 'కొ' రాసి చూపింది. "ఇది మీ తాత. రాయి." అ ఆలు చెప్పవా అన్నాను. "వాటితో నీకేం పని? మీ ఇంట్లో 'అ'తో ఎవరన్నా సచ్చినారా?" అంది. మేడిపట్టు పట్టిన వేళ్లు పెన్సిలును పట్టలేవు, విరుస్తాయి. నేను రాసింది చూసి, "ఏందప్పా, ఇది 'కొ'నా, కొడవలా?" అని మందులిచ్చే కాంపౌండరును పిలిచి మరీ చూపించేది. వాళ్లిద్దరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. కొండప్ప తర్వాత నాయన పేరు, ఆ తర్వాత పెదనాయన, బావ, మేనత్త. అట్లా ఒక్కో పోయినవాడు నాకు రెండు మూడు అక్షరాలు ఇచ్చిపోయాడు. మా ఇంట్లో 'ఘ'తోనూ 'ఢ'తోనూ ఎవరూ చావలేదు. ఆ రెండు అక్షరాలు నాకు ఇప్పటికీ తిన్నగా రావు.

పేర్లు రాయడం ఒక ఎత్తు, వయసులు కనుక్కోవడం ఇంకో ఎత్తు. మా జేజి, అదే నాయనమ్మ, ఆమె చెల్లెలు ఒక ముసలామె ఉండేది, చిన్నజేజి అనేవాళ్లం. వాకిట్లో ఎండకు కూర్చుని ఉంటే పోయి అడిగాను. "సచ్చినోళ్ల వయసులు నీకేంటికిరా? పెండ్లి చేస్తావా వాళ్లకు?" అంది. బతిమాలితే లెక్క చెప్పడం మొదలుపెట్టింది. "మీ తాత పోయినప్పుడా? నల్లబర్రె మూడో ఈత ఈనింది. మీ నాయనకు పాలపండ్లు ఊడతాండె. నాకు బాగా గ్యాపకం, ఊడిన పన్ను మిద్దె మీదికి ఎయ్యమంటే బర్రె మీదికి ఏసినాడు." నేనది పోయి చెప్తే మార్తమ్మ వేళ్లు మడిచేది. పాలపళ్లు ఊడేది ఆరేడేళ్లకు. నాయన పుట్టింది తాత పెళ్లయిన ఎన్నో ఏట? పెళ్లప్పటికి తాతకు మీసాలు వచ్చాయా లేదా? నేను మళ్లీ చిన్నజేజి దగ్గరకు పరుగు. కొండప్ప ముప్పై ఎనిమిదేళ్లకు పోయాడని తేల్చడానికి మాకు నాలుగు గురువారాలు పట్టింది.

ఏడాది గడిచేసరికి కాగితం నిండింది. ఎడమ పక్క ముడి ఉన్నవాళ్లు, కుడి పక్క లేనివాళ్లు. ఆ రోజు ఆమె కాగితం నా చేతిలో పెట్టి, "పైకి సదువు" అంది. చదివాను. ఎడమ పక్క మగవాళ్లు: ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై ఆరు, నలభై నాలుగు. ఆడవాళ్లు ఇంకో పదిహేనేళ్లు ఎక్కువ. కుడి పక్క: డెబ్బై, అరవై ఎనిమిది, ఎనభై ఒకటి, బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు. కుడి పక్క చివర నా పేరుంది. ఎడమ పక్క చివర సుబ్బరాయుడిది, దాని కింద గురప్పది.  ఆమె వక్క నమలడం ఆపింది. నేను జీవితంలో మొదటిసారి చదివి అర్థం చేసుకున్నది అదే. మళ్లీ చదివాను. చదవడం రాకముందు కూడా ఆ చావులన్నీ నాకు తెలుసు, ఒక్కొక్కటి విడిగా తెలుసు. వరసలో పెట్టి చూస్తే అవి వేరే మాట చెప్పాయి.

"అయితే అది నెయ్యి కాదా?" అన్నాను.

"కొవ్వే. కాని మీరు తిన్నందుకు పుట్టింది కాదప్పా. కొందరి నెత్తురులోనే అది శానా ఎక్కువ, తల్లిదండ్రుల నుంచి దిగుతుంది. మడమలో కనపడేది కొంచెం. గుండె నరాల్లో కనపడకుండా పేరుకుంటుంది. దాని మీద మీరు ఇంకో గరిటె పోస్తాండారు."

ఆ మాట మా అమ్మకు నువ్వే చెప్పు అని ఆమెను ఇంటికి పిలిచాను. అమ్మ అరుగు మీద పీట వేసింది, లోపలికి రమ్మనలేదు. ఆమె పుట్టిన పేట అలాంటిది, మా ఇల్లు ఇలాంటిది. దాచి ప్రయోజనం లేదు. సుబ్బరాయుడి మడమ చూపిస్తూ అమ్మ మురిసిపోయింది. మార్తమ్మ ఉన్నమాట చెప్పింది. అంతే, అమ్మ లేచి నిలబడింది. "మా ఇంటి లచ్చిమిని రోగం అంటావా? నీ నోట్లో మన్ను పడ! మా కూడు సూసి ఓర్చలేక వచ్చినావా?" అని మొదలుపెట్టి, పుట్టుకను, దేవుణ్ణి, గొడుగును కూడా వదల్లేదు. నాకు తల కొట్టేసినట్టుంది. పోదాం లే నర్సమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. గొడుగు ఒళ్లో పెట్టుకుని, వాకిట్లో కోళ్లను చూస్తూ కూర్చుంది. అమ్మ తిట్టి తిట్టి, నీళ్లు తాగి, మళ్లీ తిట్టి, చివరికి గడప మీద కూలబడింది. చాలాసేపటికి, "మా చిన్నోనికి గూడానా నరసమ్మా?" అంది. అప్పుడు మార్తమ్మ నోరు తెరిచింది. బీడీలు మాన్పించు, నెయ్యి, మాంసం, గుడ్లు తగ్గించు, జొన్నరొట్టె, కూరాకు పెట్టు అని నిదానంగా చెప్పింది.

తిరిగి పోయేటప్పుడు దారిలో నాతో అంది: "చేదు మాట చెప్పినాక లేసి పోకూడదప్పా. పోతే ఆ తిట్లన్నీ మాట మీద పడి అది సచ్చిపోతుంది. కూసుంటే మన మీద పడతాయి. తిట్టినోళ్లు అలిసినాక ఒకటి అడుగుతారు. ఆ ఒక్కటి కోసం కూసోవాల." ఆమె పోయాక ఆ పీట మీద అమ్మ నీళ్లు చల్లింది. కాని ఆ రోజు నుంచి సుబ్బరాయుడి అన్నంలో రెండో గరిటె పడలేదు.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు, ఆమెకూ ఇష్టముండదు. గురప్ప విషయంలో ఆమె తప్పు చేసింది. వాడి గుండె చప్పుడు విని, పరిగెత్తనియ్యొద్దు, చెట్లెక్కనియ్యొద్దు అని అక్కకు గట్టిగా చెప్పింది. అక్క ఆ మాట పట్టుకుని వాణ్ణి ఏడాదిపాటు మంచం దిగనివ్వలేదు. వీధిలో పిల్లలు బిళ్లంగోడు ఆడుతుంటే వాడు కిటికీ ఊచలు పట్టుకుని లెక్క చెప్పేవాడు, ఎవరు ఎంత దూరం కొట్టారో. ఆ మంచం మీదే ఒక పొద్దున, పదేళ్లకు, పోయాడు. మూడో రోజు మార్తమ్మ నంద్యాల నుంచి బస్సులో వచ్చి, దిగిన చోటు నుంచి నడిచి అక్క ఇంటికి పోయింది. నేనక్కడే ఉన్నాను. అక్క ముందు నేల మీద కూర్చుని, "నాగమ్మా, నేను తప్పు చెప్పినా. వాన్ని ఆడుకోనియ్యాల్సింది. ఆడినా ఆడకున్నా అంతే బతికేటోడు. ఆ యాడాది నేను తిన్నా" అంది. అక్క తిట్టలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది. ఆ ఇంటి చెంబుతో ఆమెకు నీళ్లివ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నన్నూ సుబ్బరాయుణ్ణీ నంద్యాలకు పిలుచుకుపోయి పెద్ద డాక్టరమ్మకు చూపించింది. డాక్టరమ్మ వాడి కాళ్లకంటే నా కాగితాన్నే ఎక్కువసేపు చూసింది. ఇలాంటిది పుస్తకంలో చదివాను గాని ఒక ఇంటి కథ మొత్తం ఇట్లా ఎవరూ తెచ్చివ్వలేదు, ఎవరు రాశారు అని అడిగింది. మార్తమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఈ దున్నపోతే" అంది. నా జన్మలో నాకు దొరికిన పెద్ద బిరుదు అది. సుబ్బరాయుడు మాత్రం సూటిగా అడిగాడు: "నాకింకా ఎన్నేండ్లుంది మేడమ్మా?" డాక్టరమ్మ కాగితం కిందపెట్టింది. మార్తమ్మే జవాబిచ్చింది. "తెల్దప్పా. తెలిసినట్ల చెప్తే నేను సోదెమ్మనయితా. మీ నాయనకంటే ఎక్కువ బతికేట్టు సూసుకో. అది నీ చేతిలో కొంచెం ఉంది. అంతా లేదు, కొంచెం ఉంది." ఆ రోజే వాడు బీడీకట్ట బస్టాండు బయట పారేశాడు. వారానికి మళ్లీ కొన్నాడు, అది వేరే సంగతి. పూర్తిగా మానడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకో మాట కూడా ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది. ముడి ఒక పక్క నుంచే దిగితే సుబ్బరాయుడి మాదిరి అవుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా దిగితే గురప్ప. ముడి ఉన్నవాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోకపోతే గురప్పలు పుట్టరు.  అక్క కూతురు రంగమ్మను పుట్టిన రోజునే సుబ్బరాయుడికని అనుకున్నారు. రంగమ్మ మడమలో, వేలితో నొక్కి చూస్తే, రేగ్గింజంత ముడి ఉంది.

రంగమ్మకు పదహారేళ్లు నిండగానే అక్క కబురు పెట్టింది, ముహూర్తం చూడమని. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు, మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. దాన్ని తన పుట్టింట్లో, తన తమ్ముడి చేతిలో పెట్టుకుంటే ఇక భయం లేదని అక్క ఆశ. ఆ ఆశను నేను కాదనాలి. నువ్వొచ్చి చెప్పు అని మార్తమ్మను అడిగాను. "నేను రాను. నేను చెప్తే మీ అక్క నన్ను తిడుతుంది, నువ్వు పక్కన నిలబడి తలకాయ ఊపుతావు. పని కాదు. నువ్వే చెప్పాల." నాకు చేతకాదన్నాను. "కాయితం ఉంది గదా. సదువు" అంది.

ముందు తమ్ముడికి చెప్పాను. బావి దగ్గర ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడుతున్నాడు. వాడికి ఆ పిల్లంటే ఇష్టమే, పదహారేళ్లుగా 'నీ పెండ్లాం' అని అందరూ ఆటపట్టిస్తుంటే ఇష్టం కాకేం. ఎద్దులను నిలిపి నీళ్లలోకి చూశాడు. "నా బిడ్డ కిటికీ ఊసలు పట్టుకొని నిలబడితే నేను సూడలేనన్నా" అన్నాడు. మళ్లీ ఎద్దులను అదిలించాడు.

అక్క ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, ఈ పెళ్లి వద్దక్కా అన్నాను. ఎందుకంది. కాగితం తీసి చదివాను. తాత, నాయన, పెదనాయన, బావ, ఒక్కొక్కరి వయసు, ముడి. చివరి పేరు దగ్గర వేలు పెట్టాను. అదీ చదివాను. "గురప్ప. పదేండ్లు. రెండు పక్కలా."

"సదువు నేర్చింది దీనికారా?" అంది అక్క. "నా కడుపు మీద కొట్టనీకా? తోడబుట్టినోడివి, ముడి లేదని నిన్ను తక్కువ సూసినామని పగ తీర్చుకుంటాండావా? పో! నా వాకిట్లో కనపడొద్దు!"

చేతిలో ఉన్న చెంబు విసిరింది. అది నా భుజానికి తగిలి వాకిట్లో దొర్లింది. లేచి పోతే బాగుండునని ఒళ్లంతా చెప్పింది. పోలేదు. ఆ రోజంతా అరుగు మీదే ఉన్నాను. మధ్యాహ్నం సంగటి ముద్ద తెచ్చి విస్తట్లో ధబ్బుమని వేసిపోయింది, ఊరుబిండి పచ్చడి లేకుండా. రెండో రోజు ఊరుబిండి కూడా వేసింది గాని మాట్లాడలేదు. వీధిలో పోయేవాళ్లు, "ఏందప్పా ఓబుళేసూ, అక్క ఇంట్లో కాపురం పెట్టినావా?" అని ఎగతాళి చేశారు. ఊళ్లో మడక ఆగిపోయింది, అక్కడ నా భార్య ఏమంటోందో తెలుసు. మూడో రోజు అక్క వచ్చి అరుగు చివర కూర్చుంది. అటు తిరిగి అడిగింది.

"ముడి లేనోనికి ఇస్తే, నా మనవడు బతుకుతాడా?"

"బతుకుతాడక్కా. ముడి వచ్చినా మన సుబ్బరాయుని మాదిరి వస్తుంది. గురప్ప మాదిరి రాదు."

"ఒట్టు?"

"ఒట్టు నేనెట్ల పెడతా? మార్తమ్మ చెప్పింది."

"ఆమె ఒకసారి తప్పు చెప్పింది."

"చెప్పింది. తప్పని వచ్చి చెప్పింది గూడా ఆమెనే గదా."

అక్క వీధిలోకి చూసింది. "అవును" అంది. "వచ్చి చెప్పింది. ఎవరొస్తారు అట్ల?" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే కాళ్లు సూసి ఒకన్ని ఎతుకు."

అట్లా నేను మిడుతూరు పక్క ఒక ఊరికి వరుణ్ణి చూడపోయాను. మా ఇంటి పేరు అక్కడికీ పాకింది. పిల్లోడి తండ్రి మర్యాదస్తుడు. కాళ్లకు నీళ్లిచ్చే దగ్గర నేనే చెంబు తీసుకుని, నేనే పోస్తానని పిల్లోడి కాళ్ల మీద పోసి, వంగి రెండు మడమలూ బాగా రుద్దాను. పిల్లోడు ఎగిరి గంతేశాడు. వాళ్ల నాయన ముఖం చిన్నబుచ్చుకుని, నన్ను పక్కకు పిలిచి, "ఏమనుకోవద్దప్పా, మావోనికి ముడి లేదు. మాది మీ అంత కలిగిన ఇల్లు కాదు. కాని పిల్లోడు బుద్ధిమంతుడు" అన్నాడు. "ముడి లేదా?" అన్నాను. "లేదు" అని తల దించుకున్నాడు. "కండ్ల దగ్గర పసుపు మచ్చలు?" "అవీ లేవు." "మీ నాయన ఎన్నేండ్లు బతికినాడు?" "ఇంకా ఉన్యాడు. ఆడ దొడ్లో పేడ ఎత్తుతాండాడు సూడు." నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "అన్నా, ఇట్లాంటి కాళ్ల కోసమే తిరుగుతాండా!" ఆయనకు నేను పిచ్చివాణ్ణనిపించి ఉండాలి. అయినా పిల్లను చేసుకున్నారు. మరుసటి ఏడు సుబ్బరాయుడికి బనగానపల్లె పక్క నుంచి పిల్లను తెచ్చాం. అప్పుడు మడమలు చూసింది మా అమ్మే. "నున్నగా ఉండాయిరా, అద్దం మాదిరి!" అని సంబరంగా వచ్చి చెప్పింది.

రంగమ్మకు నలుగురు పిల్లలు. ఇద్దరికి ముడి వచ్చింది, ఇద్దరికి రాలేదు. ఒక్కరికీ రెండు పక్కలా రాలేదు. నలుగురూ వీధిలో బిళ్లంగోడు ఆడుకుని పెద్దయ్యారు. సుబ్బరాయుడు యాభై ఏడేళ్లు బతికాడు. ఇప్పటి లెక్కలో అది తక్కువే. మా ఇంట్లో మాత్రం ముడి ఉన్న మగవాడు మనవరాలిని భుజాన ఎత్తుకోవడం అదే మొదలు.

మార్తమ్మ 1960లో నంద్యాల వదిలి దూరంగా తన చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. బస్టాండులో గొడుగుతో నా చేతి మీద కొట్టి, ఉత్తరం రాయి అంది. రాశాను. పది రోజులకు నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది, తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది. కింద ఒక్క వాక్యం: "వత్తులు మరిచినావు. మీ అక్క ఎట్ల ఉంది?" పదకొండేళ్లు అట్లానే జరిగింది. చివరి ఉత్తరంలో ఎర్రసిరా లేదు. నేను తప్పులు లేకుండా రాసి ఉంటానని నా భార్య అంది. నాకు అప్పుడే అర్థమైంది, ఆమెకు చూపు పోయిందని. కొన్నాళ్లకు ఆమె చెల్లెలు రాసిన కార్డు వచ్చింది.

ఇప్పుడు డాక్టర్లు ఈ జబ్బుకు తల్లిదండ్రుల నుంచి వచ్చే కొలెస్ట్రాల్ అని పేరు పెట్టారు, నెత్తురు పరీక్షలో అంకె తెలుస్తుంది, మాత్రలున్నాయి. మా కాగితం ఇప్పుడు నోటు పుస్తకం అయింది. ఇంట్లో ఎవరు పుట్టినా నేనే రాస్తాను. పోయిన వేసవిలో రంగమ్మ మనవరాలికి నంద్యాలలో ఒక సంబంధం కుదిరింది. ఆ పిల్లకు ముడి ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది, గుర్రంలా ఉంది. వాళ్లకు చెప్పడమెందుకు, మాత్రతో సరిపోతోంది కదా అన్నారు మా కుర్రవాళ్లు. నేను పోతానన్నాను. పోయి, వాళ్ల సోఫాలో కూర్చుని, మా ఇంటి కథ మొదటి నుంచి చెప్పాను. మీ అబ్బాయికీ ఒకసారి నెత్తురు పరీక్ష చేయించండి అని కూడా చెప్పాను.  పెళ్లికొడుకు తండ్రి ముఖం ముడుచుకుని, ముందే చెప్పాల్సింది అని గొణిగాడు. ఒక పెద్దమనిషి లేచి బయటకు పోయాడు. నాతో వచ్చిన మనవడు నా మోచేయి లాగాడు, పోదాం తాతా అని. నేను కదల్లేదు. కాఫీ చల్లారింది. చాలాసేపటికి పెళ్లికొడుకు తల్లి, అంతవరకూ మూలన కూర్చున్న మనిషి, కుర్చీ ముందుకు లాక్కుని అడిగింది.

"ఆ మాత్ర పొద్దున వేసుకోవాలా తాతా, రాత్రి పూటా?"

"రాత్రి పూటమ్మా" అన్నాను. "ఆ పిల్ల మరిచిపోతాది. నువ్వే గ్యాపకం చెయ్యాల."